శ్రీమంతం నాడు అడిగిన పది ప్రశ్నలు

గంభీరావుపేట,
9 నవంబర్ 2024

చెల్లె శ్రీలతకు,

అక్క శోభ రాస్తున్నది. ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటే నవ్వుకో. పదకొండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తిన ఒక్కసారీ ఊఁ, ఆఁ అని పెట్టేశావు. ఉత్తరాన్నైతే మధ్యలో పెట్టేయలేవు, చివరిదాకా చదవాల్సిందే.

తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన పిల్ల శ్రీమంతమై పదిహేను రోజులు కాకముందే బ్యాగు సర్దుకుని అత్తగారింటికని కోరుట్ల బస్సెక్కడం మన ఇంటా వంటా లేదు. అమ్మ వాకిట్లో అడిగినవాళ్ళందరికీ డాక్టరుకు చూపించుకోను పోయిందని చెప్పి, లోపలికొచ్చి కొంగుతో మొహం తుడుచుకుంటున్నది. పెట్టిన చీర నీకు నచ్చలేదేమోనని ఆమె బాధ. బాపు సంగతి తెలుసు కదా, నోరు మెదపడు. కల్లు గీయను తాళ్ళకు పోతూ నీ మంచం వైపు ఒకసారి చూసి పోతాడు.

నాకు మాత్రం మీ అత్త భూమవ్వ మీదే అనుమానం. కోడలు లేక బీడీ కట్టలు తగ్గి ఉంటాయి, పిలిపించుకుని ఉంటుంది. నిజమైతే దాచకు, నేను మాట్లాడతాను.

ఒక మంచి మాట చెప్తాను విను. శ్రీమంతం నాడు మీ ఆయన వేణు తీసిన ఫొటోను సిరిసిల్లలో పెద్దది చేయించి అద్దం కట్టించాను. పీట మీద నువ్వు, మోచేతుల దాకా గాజులు. పక్కన నేను, ఒళ్ళో నా రిజిస్టర్. నువ్వు నా మణికట్టు పట్టుకుని ఉన్నావు. చూసినవాళ్ళంతా "అక్కచెల్లెండ్లంటే గిట్లుండాలె" అంటున్నారు.

ఇంకో సంగతి. కడుపుతో ఉన్నవాళ్ళ మనసు ఎట్లా ఉందో తెలుసుకోవడానికి మా ఆశా కార్యకర్తలకు పది ప్రశ్నల కాగితం ఇచ్చారు కదా, నిన్నూ అడిగాను చూడు. మండలంలో అందరికంటే ముందు ఇరవై మూడు కాగితాలు ఇచ్చింది నేనే. మీటింగులో డాక్టరమ్మ చప్పట్లు కొట్టించింది. నీ తల్లీబిడ్డ కార్డు మీద ఆకుపచ్చ చుక్క అంటించాను. ఎర్ర చుక్క పడిందంటే నర్సమ్మ ఇంటికి వస్తుంది, వాడంతా తెలుస్తుంది. మనకు ఆ బాధ లేదు.

గరిజెలు పంపుతున్నాను. అన్నీ ఆడపడుచుకే పెట్టకు, నువ్వు కూడా తిను.

నీ అక్క,
శోభ


కోరుట్ల,
16 నవంబర్ 2024

అక్కా,

ఉత్తరం అందింది, గరిజెలూ అందాయి. చీర బాగుంది. అమ్మకు చెప్పు.

నన్ను ఎవరూ పిలవలేదు. నా అంతట నేనే వచ్చాను. ఫోన్ ఎత్తనందుకు కోపం తెచ్చుకోకు. ఇక్కడ అరుగు మీద పొద్దంతా ఎనిమిదిమంది చాటలు ముందు పెట్టుకుని బీడీలు చేస్తుంటారు. నేను ఫోన్ పట్టుకుంటే వాళ్ళ చేతులు ఆడుతూనే ఉంటాయి, మాటలు మాత్రం ఆగిపోతాయి. ఉత్తరం రాశావు, అదే మంచిదయింది. మా అత్తకు చదువు రాదు.

ఆ ఫొటో గోడకు పెట్టకు. పెట్టి ఉంటే తీసేయి.

ఒకటి అడుగుతాను. ఆ పది ప్రశ్నల కాగితాలు ఎక్కడికి పోతాయి? వాటిని మళ్ళీ ఎవరైనా చూస్తారా?

నిద్ర సరిగా పట్టడం లేదు, అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నాయి.

శ్రీలత


గంభీరావుపేట,
22 నవంబర్ 2024

శ్రీలతకు,

ఉత్తరం రాయమంటే చీటీ రాశావు. అయినా ఫొటో ఎందుకు తీసేయాలో నాకు అర్థం కాలేదు. వెనకాల పెచ్చులూడిన గోడ కనపడుతుందనా? బాపు కల్లు కుండ ఓ మూల కనపడుతుందనా? ఆ గోడ కిందే కదా నువ్వూ నేనూ పెరిగింది. కోరుట్లలో మేడ ఎక్కగానే మన ఇల్లు నామోషీ అయిందేమో అని మనసు నొచ్చుకుంది. అమ్మకు ఈ మాట చెప్పలేదు. ఫొటో గోడకే ఉంది.

నువ్వు దాచినా నేను ఊరుకోలేదు. నిన్న మీ అత్తకు ఫోన్ చేశాను. "నెలలు నిండుతున్న పిల్లతోటి బీడీలు చేపిచ్చుకుంటందుకే పిలిపిచ్చుకున్నవా అత్తమ్మా" అని గట్టిగానే అడిగాను. ఇంకా కొన్ని అన్నాను, అవి ఇక్కడ రాయను. ఆమె అంతా విని ఒక్కటే అన్నది. "నీ చెల్లెను నువ్వు సక్కగ సూసినవా బిడ్డా?" ఎంత మాట! ఊళ్ళో ఎవరికి ఏ నెలో, ఎవరి రక్తం ఎంతో నోటికి చెప్పే మనిషిని, నా చెల్లెను నేను చూడలేదట. ఫోన్ పెట్టేశాను.

కాగితాల సంగతి అడిగావు. నీకెందుకమ్మా ఆ భయం? ఆకుపచ్చ చుక్కలవన్నీ ఒక కట్ట కట్టి బీరువాలో పెడతారు. ఎవరూ మళ్ళీ చూడరు. నిశ్చింతగా ఉండు.

ఐరన్ గోళీలు వేసుకుంటున్నావా? అమ్మ నీకోసం పాత చీరలతో బొంత కుడుతున్నది. సూదిలో దారం ఎక్కించడానికి నన్ను రోజుకు నాలుగుసార్లు పిలుస్తున్నది.

శోభ


కోరుట్ల,
3 డిసెంబర్ 2024

అక్కా,

నువ్వు నిశ్చింతగా ఉండమని రాసిన ఉత్తరం వచ్చిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. ఎవరూ మళ్ళీ చూడరని రాశావు కదా. ఎవరైనా చూస్తారేమో అన్న ఆశతోనే నేను అడిగాను.

ఇదంతా రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

నాకు ఐదో నెల నుంచే బాగాలేదు. కడుపులో పిల్ల కదిలితే అందరూ చెయ్యి వేసి చూసి మురిసేవారు. నాకు మాత్రం అది వేరే ఎవరి ఇంట్లోనో జరుగుతున్నట్టుండేది. తెల్లవారుతుందంటే భయం. స్నానం చేయబుద్ధి కాదు, జడ వేసుకోబుద్ధి కాదు. వేణు మంచివాడు, అత్త తిట్టదు, తిండికి లోటు లేదు. ఇన్ని ఉన్నా ఏడుపెందుకు వస్తుందో తెలియక, ఇట్లాంటిదాని కడుపున ఆ పిల్ల ఎందుకు పడ్డదా అనిపించేది. నేను లేకపోతే అందరికీ బాగుంటుందనిపించేది. మన ఇంటికి వస్తే తగ్గుతుందనుకున్నాను. అక్కడ మీరంతా నేను సంతోషంగా ఉన్నానని ఎంత సంబరపడ్డారంటే, నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి. ఇక్కడైతే నవ్వకపోయినా ఎవరూ పట్టించుకోరని వచ్చేశాను.

కానీ పట్టించుకున్నది మా అత్త. నేను ఒకే తునికాకు పట్టుకుని గంటసేపు కూర్చున్నానట. నా చేతిలోంచి ఆకు తీసుకుని, తన మొదటి కాన్పప్పుడు ఆమెకూ ఇట్లాగే అయిందని, ఎవరికీ చెప్పలేదని చెప్పింది. ఇక్కడి దవాఖానకు తీసుకుపోయింది. అక్కడా ఆ పది ప్రశ్నలు అడుగుతున్నారు. కానీ నర్సమ్మ నా కార్డు తెరిచి ఆకుపచ్చ చుక్క చూసి, అక్కడ అడిగారు కదా అని బీపీ చూసి పంపేసింది. వారం తర్వాత మళ్ళీ పోతే మళ్ళీ అదే. ఆ చుక్క మా అక్క అంటించిందని, మా అక్క ఆశా కార్యకర్త అని ఎట్లా చెప్పను?

మూడోసారి మా అత్త కుర్చీ జరుపుకుని కూర్చున్నది. "ఆ సుక్క సంగతి నాకెర్క లేదమ్మా. నా కోడల్ని అడుగుండ్రి. నేను బయట కూసుంట, నా ముంగట చెప్పది" అని లేచి పోయి, తలుపు తనే దగ్గరికి వేసింది.

అడిగారు. ముప్ఫైకి పంతొమ్మిది వచ్చాయి, పదమూడు దాటితేనే ఎర్ర చుక్కట. జగిత్యాల పెద్దదవాఖానలో డాక్టరుకు రాసిచ్చారు.

నువ్వు నన్ను ఎట్లా అడిగావో గుర్తుందా? ఒడి నింపి, గాజులు తొడిగి, పదిహేనుమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుంటే అడిగావు. నవ్వగలుగుతున్నావా అంటే "నవ్వక ఏంజేస్తది" అని నా బదులు వాళ్ళే చెప్పారు. తొమ్మిదింటికీ వాళ్ళే చెప్పారు. పదోది, ప్రాణం మీద విసుగు పుట్టిందా అన్నది, నువ్వు గొంతు తగ్గించి అడిగావు. ఆ రోజు పీట మీద కూర్చున్నది చెడుమాట అనకూడదు కదా అక్కా. అందుకే నీ చెయ్యి పట్టుకున్నాను.

నువ్వు ఏం రాశావో నేను చూశాను.

శ్రీలత


గంభీరావుపేట,
10 డిసెంబర్ 2024

నా చెల్లెకు,

మూడు కాగితాలు చింపి ఇది నాలుగోది రాస్తున్నాను. అర్థం కాలేదని, ఏదో ముద్దుగా పట్టుకున్నావనుకున్నానని రాద్దామనుకున్నాను. మొదటి మూడింట్లో అదే రాశాను.

నాకు అర్థమైంది శ్రీలతా. నీ వేళ్ళు చల్లగా ఉన్నాయి. గాజులు గలగలమన్నాయి. నీ మొహం చూస్తే ఇంక అడగాల్సిందేమీ లేదు. వేణు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "ఫోటో తీస్తున్నడు, నవ్వు" అన్నది నేనే. నువ్వు నవ్వావు. నేను సున్న వేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? నెలాఖరు, కాగితాలు మిగిలాయి. శ్రీమంతానికి కడుపుతో ఉన్నవాళ్ళు ఇంకో ముగ్గురు వచ్చారు, ఒక్కచోటే పని తీరిపోతుందనుకున్నాను. అది పైకి చెప్పే మాట. లోపలి మాట ఏమిటంటే, ఊరందరికీ ధైర్యం చెప్పే ఆశమ్మ సొంత చెల్లెకు ఎర్ర చుక్క పడితే నలుగురిలో నా మొహం చెల్లదనుకున్నాను. నీ ప్రాణం కంటే నా పరువు పెద్దదైంది.

మీ అత్త అడిగింది నిజమే. నేను నిన్ను చూడలేదు. చూసి కూడా చూడలేదు. ఆమెను నానా మాటలన్నాను. ఫోన్ చేసి తప్పు ఒప్పుకుందామని రెండుసార్లు నంబరు తీశాను, నొక్కలేకపోయాను.

ఇరవై మూడింట్లో చాలావరకు అట్లాగే చేశాను. శ్రీమంతాల్లో, అరుగుల మీద, అత్తల ముందర. నలుగురినైతే అసలు అడగనే లేదు, ఇంట్లో కూర్చుని నింపాను. వాళ్ళకు ఏముంటుందిలే అనుకున్నాను.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ సంగతి వేణుతో అనకు. అక్కడి నర్సమ్మకు నా పేరు చెప్పకు. పన్నెండేళ్ళ పేరు ఇది. నువ్వు బాగైతే చాలు, గడిచింది గడిచిపోయిందని వదిలేద్దాం.

గోళీలు మానకు. నీకు ఎప్పుడు రమ్మనాలనిపిస్తే అప్పుడు వస్తాను.

శోభ


కోరుట్ల,
17 డిసెంబర్ 2024

అక్కా,

చెప్పనులే. నీ పేరు ఎవరికీ చెప్పలేదు.

జగిత్యాల డాక్టరమ్మ గోళీ రాసింది, కడుపులో పిల్లకు భయం లేనిదే రాశానని రెండుసార్లు చెప్పింది. వారానికోసారి ఒకామె కూర్చుని మాట్లాడుతుంది. మొదటిరోజు అరగంట నేను ఏమీ మాట్లాడలేదు. ఆమె గడియారం చూడలేదు, అది నాకు నచ్చింది. ఇంట్లో నన్ను ఒంటరిగా ఉంచొద్దని డాక్టరమ్మ మా అత్తకు చెప్పిందట. మా అత్త ప్రతివారం నాతో బస్సెక్కుతుంది. దారి పొడుగునా పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతుంది, ఎట్లా ఉందని అడగదు. వేణుకు నేనే చెప్పాను. మరి నవ్వుకుంటూ ఫొటో దిగావు కదా అన్నాడు. ఆ తర్వాత తనే సిగ్గుపడ్డాడు.

నేను మంచిదాన్నై చెప్పకుండా ఉన్నాననుకోకు. నాకూ సిగ్గే. పెళ్ళయిన రెండేళ్ళకు కడుపు పండితే ఏడ్చినదాన్నని నలుగురికీ తెలియడం నాకూ ఇష్టం లేదు. ఈ విషయంలో మనిద్దరం ఒక్కటే.

కానీ ఒకటి నిద్రపోనివ్వడం లేదు. నా దగ్గర భూమవ్వ ఉంది, కుర్చీ జరుపుకుని కూర్చున్నది. ఆ బీరువాలో కట్టిపెట్టిన మిగతా ఇరవై రెండుమంది దగ్గర ఎవరున్నారు? నీ చెయ్యి పట్టుకోవాలనుకుని పట్టుకోలేనివాళ్ళు అందులో ఎంతమందో నీకు తెలుసా?

గడిచింది గడిచిపోయిందని రాశావు. వాళ్ళ నెలలు ఇంకా గడవలేదు కదా అక్కా.

శ్రీలత


గంభీరావుపేట,
30 డిసెంబర్ 2024

చెల్లె శ్రీలతకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు రిజిస్టర్‌లో పెట్టుకుని తిరిగాను. ఇంటింటికీ పోయి రిజిస్టర్ తెరిస్తే ముందు అదే కనపడేది. ఐదో రోజు మీటింగు వచ్చింది.

పోయినసారి నాకు చప్పట్లు కొట్టిన చోటే లేచి నిలబడ్డాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఇరవై మూడింట్లో చాలావరకు సరిగ్గా అడగలేదని, నాలుగైతే ఉత్తవే నింపానని, సరిగ్గా అడగనివాటిలో ఒకటి నా చెల్లెదని, ఆమె ఇప్పుడు మందులు వాడుతున్నదని. నీ పేరు చెప్పలేదు. డాక్టరమ్మ నా రిజిస్టర్ తీసుకుని, నా మీద కాగితం రాసింది. పని పోతుందో ఉంటుందో ఇంకా తెలియదు. నర్సమ్మను వెంటబెట్టుకుని అందరినీ మళ్ళీ అడగమన్నది. బయటికి వచ్చి చాయ్ తాగుతుంటే ఇద్దరు ఆశలు దగ్గరికి వచ్చి "మేం గూడ గట్లనే జేసినం అక్కా" అన్నారు.

మళ్ళీ అడుగుతున్నాం. అత్తలకూ తల్లులకూ ముందే చెప్తున్నాను, మీరు వాకిట్లో కూర్చోండని. "నా ఇంట్ల నన్నే బయటికి పొమ్మంటవా" అని ఒకామె కోపానికి వచ్చింది. అప్పుడు మీ అత్త తలుపు దగ్గరికి వేసుకుని బయట కూర్చున్న సంగతి చెప్పాను, ఫలానా ఊరని చెప్పకుండా. ఆమె చాట తీసుకుని బయటికి పోయింది.

ఐదుగురికి ఎర్ర చుక్కలు పడ్డాయి. ఐదుగురు, శ్రీలతా. అందులో స్వర్ణలత అని, ఎల్లారెడ్డిపేటలో ఇచ్చిన పిల్ల, కాన్పుకు వచ్చింది. నేను అడగకుండా నింపిన నలుగురిలో ఆమె ఒకతె. అన్నీ చెప్పి, చివరికి నా వైపు చూసి "నన్ను గూడ ఎవరన్న అడుగుతరనుకోలే" అన్నది. నర్సమ్మ ఉండబట్టి ఆగాను గానీ లేకపోతే అక్కడే ఏడ్చేదాన్ని. ఐదుగురినీ సిరిసిల్ల దవాఖానకు మేమే తీసుకుపోతున్నాం.

మీ అత్తకు ఫోన్ చేశాను. తప్పయిందన్నాను. "నాకెందుకు చెప్తవు బిడ్డా, గామెకు చెప్పు" అన్నది.

అందుకని చెప్తున్నాను. నువ్వు అడిగితే నేను వినలేదు. నీ చేతిని పట్టించుకోకుండా కాగితాన్ని చూసుకున్నాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

ఫొటో గోడ మీది నుంచి తీసేశాను. అమ్మ ఎందుకని అడిగితే అంతా చెప్పాను. బొంత పక్కన పెట్టి "సుట్టు కూసున్నోళ్ళల్ల నేను గూడ ఉంటి కదనే" అన్నది. ఫొటో ఏం చేయాలో తెలియక సందుగలో బట్టల కింద పెట్టాను. చింపమంటే చింపేస్తాను.

నీ అక్క,
శోభ


కోరుట్ల,
19 జనవరి 2025

అక్కా,

పాప పుట్టి పదిహేను రోజులైంది. వేణు ఫోన్లో చెప్పిందంతా నిజమే, కాన్పు జగిత్యాలలోనే అయింది, ఇద్దరం బాగున్నాం. అమ్మ బొంత అందింది. పాప అందులోనే పడుకుంటుంది. బాపు వచ్చి గడప దగ్గరే నిలబడి పాపను చూసి, నన్ను అంతకంటే ఎక్కువసేపు చూసి పోయాడు.

ఫోన్లో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. పాపను చూడగానే గుండె నిండిపోతుందని అందరూ అన్నారు. నాకు వెంటనే అట్లా కాలేదు. తొమ్మిదో రోజు తుమ్మింది. తుమ్మి, తనే ఉలిక్కిపడి నా వైపు చూసింది. అప్పుడు నవ్వొచ్చింది. ఎవరూ నవ్వమనలేదు, దానంతట అదే వచ్చింది. జగిత్యాలలో మాట్లాడే ఆమెకు చెప్తే, అదే చాలు, తొందరేమీ లేదన్నది.

స్వర్ణలత ఎట్లా ఉంది? ఆమెకు నా ఫోన్ నంబరు ఇవ్వు. పేరు కూడా చెప్పు, పర్వాలేదు.

నువ్వు క్షమించమన్నావు. కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది కూడా ఒక సున్న వేసినట్టే. కొంత పోయింది, కొంత ఉంది. మీటింగులో నువ్వు లేచి నిలబడ్డావని చదివినప్పుడు మాత్రం మా అత్తకు పైకి చదివి వినిపించాను. ఆమె విని, నా ఉత్తరాల కోసం తపాలా బిళ్ళలు తెప్పించింది.

వచ్చే ఆదివారం రా. రిజిస్టర్ తెచ్చుకో, వాళ్ళు తిరిగి ఇవ్వకపోతే ఉత్త కాగితం తెచ్చుకో. మా అత్త వాకిట్లో కూర్చుంటానన్నది, పాపను కూడా తనే ఎత్తుకుంటుందట. పది ప్రశ్నలూ నువ్వే అడుగు. తొమ్మిదింటికి ఏం చెప్తానో అప్పుడు చూద్దాం. పదోదానికి ఇప్పుడే చెప్తున్నాను: అప్పుడప్పుడు. ఇదివరకటి కంటే తక్కువ, అది రాగానే మా అత్తకు చెప్తున్నాను, డాక్టరమ్మకు కూడా తెలుసు. కానీ సున్న కాదు.

ఫొటో చింపకు. సందుగలోంచి తీసి మళ్ళీ గోడకు పెట్టు. చూసినవాళ్ళు ఏమన్నా అననీ. అందులో నేను నీకు జవాబు చెప్తున్నాను. అప్పుడు నువ్వు రాయలేదు, ఈసారి రాయి.

నీ చెల్లె,
శ్రీలత